వార్ధక్యమున మఱపు – రక్తపరీక్ష – మన కర్తవ్యము

(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

   

 నాకు ముందు మాటలాడిన పెద్దలు విద్యార్థి వేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు సవిస్తరముగ సెలవిచ్చియున్నారు. నేను మన వృద్ధులను గూర్చి మాటలాడ దలచినాను. రేపటి దినమున విషయనిర్ణయసభ యెదుటికి రానున్న యొక తీర్మానము నన్నిందులకు పురికొల్పినది. అరువది యేండ్లు దాటిన మనవారి కందఱికిని ఆల్జైమర్ వ్యాధిని కనిపెట్టు రక్తపరీక్షను సంఘనిధి నుండి ధనము వెచ్చించి చేయింపవలెనని యా తీర్మానము కోరుచున్నది. దానిని ప్రతిపాదించిన వారి సదుద్దేశమును నేను మనసార గౌరవించుచున్నాను. అయినను, ఆ పరీక్ష యెట్టిదో, అది చెప్పగలిగిన దెంతయో, చెప్పలేని దెంతయో తెలిసికొనిన పిమ్మట చేయి యెత్తుట మనకు క్షేమము.

మఱపు వేఱు, వ్యాధి వేఱు

వయస్సు మీఱినవారికి పేర్లు వెంటనే స్ఫురింపకుండుటయు, తాళపుచెవి పెట్టిన చోటు మఱచుటయు సహజములు. కొంతసే పాలోచించినచో నవి మరల జ్ఞప్తికి వచ్చును. దీనిని వ్యాధి యనరాదు. కాని నలుబది యేండ్లుగా చేయి తిరిగిన యిల్లాలు చారు పెట్టు వరుస తప్పుటయు, జమాఖర్చులు నోటితో చెప్పిన వర్తకుడు పది రూపాయల చిల్లర లెక్కింపలేకపోవుటయు, పుట్టి పెరిగిన వీధిలో దారి తప్పుటయు, అడిగిన ప్రశ్ననే గడియకు పదిసారు లడుగుటయు సహజములు కావు. అన్నము తిని చేయి కడుగుకొనిన యర్ధగంటకే, కోడలు తనకు కూడు పెట్టలేదని యిరుగుపొరుగుతో మొఱపెట్టుకొను అత్తలను మన మెఱుగనివారము కాము. ఆ మాట నిజమని నమ్మి ఆడుబిడ్డలు వచ్చి కలహించుటయు, కొన్ని సందర్భములలో సంఘపెద్దలు పంచాయతి చేయుటయు జరుగుచున్నవి. అచట నేరము కోడలిదియు కాదు, అత్తదియు కాదు. ఆ వృద్ధురాలి మెదడులో జ్ఞాపకమును నిలుపు భాగము శిథిలమగుచున్నది. మన మా స్థితికి చాదస్తమని పేరు పెట్టి యూరకుంటిమి.

ఈ బాధ యెంత విస్తారముగ నున్నదో వినుడు. భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది బుద్ధిమాంద్య రోగముతో, అనగా డాక్టర్లు డిమెన్షియా యని పిలుచు దానితో, నున్నారనియు, వారి సంఖ్య సుమారు 88 లక్షలనియు 2023లో ప్రకటింపబడిన యొక దేశవ్యాప్త పరిశోధన తెలిపినది. పురుషులకంటె స్త్రీలలోను, పట్టణములకంటె పల్లెలలోను ఇది యధికమని కూడ ఆ పరిశోధనయే చెప్పుచున్నది. డిమెన్షియాకు కారణములు పెక్కు కలవు. వానిలో ప్రధానమైనది ఆల్జైమర్ వ్యాధి.

వ్యాధి చరిత్రము

1901వ సంవత్సరము నవంబరు మాసమున జర్మనీ దేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి మానసిక చికిత్సాలయమునకు ఆగుస్టె డీటర్ అను 51 ఏండ్ల స్త్రీని తెచ్చిరి. ఆమె తన పేరు వ్రాయబోయి నడుమనే నిలిచిపోవుచుండెను. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్. 1906లో ఆమె మరణింపగా ఆ వైద్యు డామె మెదడును సూక్ష్మదర్శనితో పరిశీలించి, కణముల వెలుపల పేరుకొనిన ముద్దలను, కణముల లోపల చిక్కుపడిన నూలుపోగులవంటి వానిని కనుగొని, ఆ యేటి నవంబరులోనే ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభకు నివేదించెను. 1910లో క్రేపెలిన్ అను వైద్యాచార్యుడు తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జైమర్ పేరు పెట్టెను. ఆ ముద్దలు అమిలాయిడ్ అను మాంసకృత్తుతో నేర్పడునవి. ఆ చిక్కులు టౌ అను మఱియొక మాంసకృత్తుతో నేర్పడునవి.

ఇందు మనము ముఖ్యముగ గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. మఱపు పైకి కనబడుటకు పదునైదు, ఇరువది సంవత్సరములకు ముందే అమిలాయిడ్ మెదడులో చేరుట మొదలగును. గోడలోని చెద పైపూత రాలిన పిమ్మటగాని మన కంటబడనట్లే, ఈ వ్యాధియు చిరకాలము గుప్తముగ నుండును. చిరకాలము వఱకు దీనిని నిశ్చయముగ తెలిసికొనుటకు మరణానంతరము మెదడును కోసి చూచుటయే మార్గమై యుండెను. తరువాత రెండు మార్గము లేర్పడినవి. నడుమునందు సూది గ్రుచ్చి వెన్నునీటిని తీసి పరీక్షించుట యొకటి. అమిలాయిడ్‌నకు అంటుకొను ఔషధమును నరములోని కెక్కించి ‘పెట్’ అను స్కాను యంత్రముతో మెదడును చిత్రించుట రెండవది. మొదటి దానికి జనులు భయపడుదురు. రెండవది మిక్కిలి వ్యయసాధ్యము, పెద్ద నగరములలో మాత్రమే లభ్యము. కావుననే, చేతినుండి తీసిన కొలది నెత్తురుతో ఆ పని జరుగునేని యెంత బాగుండునని శాస్త్రజ్ఞులు చిరకాలము కృషి చేసిరి.

రక్తపరీక్ష యెట్లు పనిచేయును?

మెదడులోని యీ మాంసకృత్తులు అత్యల్ప పరిమాణమున రక్తములోనికి వచ్చును. ఎంత యల్పమనగా, ఒక మిల్లీలీటరు రక్తద్రవములో వానిని పికోగ్రాములతో, అనగా గ్రాములో లక్షకోట్లవ వంతుతో, కొలువవలసియుండును. ఇంత సూక్ష్మమును కొలుచు యంత్రములు ఇటీవలి సంవత్సరములలోనే వచ్చినవి. ఈ పరీక్షలలో ముఖ్యముగ రెండు విషయములను చూతురు. అమిలాయిడ్‌లో 42, 40 అను రెండు తరగతులు కలవు. మెదడులో ముద్దలు కట్టునపుడు 42వ తరగతి యచటనే చిక్కుకొనుటచే రక్తములో దాని పాలు తగ్గును. టౌ విషయమున దీనికి విపర్యయము. టౌ అణువునందు 217వ స్థానమున భాస్వరము చేరినచో దానిని పి-టౌ 217 అందురు. వ్యాధి ముదురుకొలది ఇది రక్తములో పెరుగును. 181వ స్థానమున భాస్వరము చేరిన రూపము పి-టౌ 181. వీనిలో పి-టౌ 217 అధిక విశ్వసనీయమని పెక్కు పరిశోధనలు తెలిపినవి.

2024వ సంవత్సరమున స్వీడను దేశమునందు, జ్ఞాపకశక్తి తగ్గినదని వైద్యులకడకు వచ్చిన 1213 మందిని పరిశీలించిరి. సామాన్య వైద్యులు తమ పరీక్షలచే నూటికి 61 మంది విషయమునను, ఆ వ్యాధియందు ప్రత్యేక ప్రవీణులు 73 మంది విషయమునను సరిగా నిర్ణయింపగా, రక్తపరీక్ష సుమారు 91 మంది విషయమున సరిపోయెను. ఇది సామాన్య విజయము కాదు. 2025 మే నెలలో అమెరికా దేశపు ఆహార ఔషధ శాఖవారు లుమిపల్స్ అను పరీక్షకు తొలి యనుమతి నొసంగిరి. 499 మందిపై జరిగిన పరిశోధనలో, వ్యాధి కలదని యది చెప్పినవారిలో నూటికి 91.7 మందికి స్కానునందో వెన్నునీటియందో అదే తేలినది. లేదని చెప్పినవారిలో నూటికి 97.3 మందికి లేదనియే తేలినది. నూటికి ఇరువదికి లోబడినవారి విషయమున పరీక్ష యెటును తేల్చలేదు. అదే సంవత్సరము అక్టోబరులో పి-టౌ 181 ఆధారముగ, వ్యాధి లేదని తేల్చుటకు సామాన్య వైద్యుల కుపకరించు మఱియొక పరీక్షకును అనుమతి లభించినది.

ఈ యంకెలను విని, ఇంక సందేహమేల, అందఱికి చేయింతమని మీరనవచ్చును. కాని ఆ యనుమతిపత్రమునందలి షరతును చదువవలెను. 55 ఏండ్లు దాటి, జ్ఞాపకశక్తి తగ్గిన లక్షణములు కలవారికి మాత్రమే ఆ పరీక్ష యుద్దేశింపబడినది. లక్షణములు లేనివారికి కాదు. తక్కిన వైద్యపరిశీలన లేకుండ ఒంటరిగ నిర్ణయించుటకును కాదు. 2025 జూలైలో అమెరికాలోని ఆల్జైమర్స్ అసోసియేషన్ వారు వెలువరించిన నిబంధనలు సైతము, మతి తగ్గినవారి విషయమున, ఆ వ్యాధియందు నిపుణులైన వైద్యుల చేతిలోనే ఈ పరీక్షలుండవలెనని చెప్పుచున్నవి.

లెక్క చూతము

ఈ షరతు ఏల యనిన, మన వర్తకులకు సులభముగ తెలియు లెక్కతో చెప్పెదను. నూటికి తొంబదివంతులు సరిగా చెప్పు పరీక్ష యొకటి కలదనుకొందము. మన తీర్మానము ప్రకారము వేయిమంది వృద్ధులకు దానిని చేయించితిమి. వారిలో నూఱుగురికి నిజముగ వ్యాధి కలదనుకొందము. ఆ నూఱుగురిలో 90 మందిని పరీక్ష పట్టుకొనును, పదుగురిని విడిచిపెట్టును. తక్కిన 900 మందిలో నూటికి పదుగురి చొప్పున 90 మందికి లేని వ్యాధి కలదని చెప్పును. మొత్తము 180 మందికి వ్యాధి కలదని కాగితము చేతికి వచ్చును. వారిలో సరిగా సగముమందికి వ్యాధి లేదు. ఎవరా సగమో కాగితము చెప్పదు.

ఇపుడు ఆ పరీక్షనే, మతి తప్పు లక్షణములతో పెద్దాసుపత్రికి వచ్చిన వేయిమందికి చేసితిమనుకొనుడు. వారిలో 600 మందికి నిజముగ వ్యాధి యుండిన, 540 మందిని పట్టుకొనును. తక్కిన 400 మందిలో 40 మంది విషయమున మాత్రమే పొరబడును. కలదని తేలిన 580 మందిలో 540 మందికి నిజముగ కలదు. పరీక్ష ఒకటియే, నెత్తురు ఒకటియే. ఎవరికి చేసితిమను దానినిబట్టి ఫలితముపై నుంచదగిన విశ్వాసము మాఱుచున్నది.

మఱియొక చిక్కు కలదు. మతి చక్కగనున్న వృద్ధులలో సైతము పెక్కురి మెదడులో అమిలాయిడ్ ఉండును. మతి చెడనివారిలో 50 ఏండ్ల వయస్సున నూటికి పదుగురికిని, 90 ఏండ్ల వయస్సున నూటికి 44 మందికిని అది కలదని 2015లో పెక్కు దేశముల లెక్కలు చేర్చి తేల్చిరి. వీరిలో ననేకులు మతి చెడకుండగనే తుదివఱకు జీవింతురు. ఇంకను, మూత్రపిండముల వ్యాధి కలవారి రక్తములో పి-టౌ పెరిగి కనబడవచ్చును. చక్కెరవ్యాధియు, రక్తపుపోటును ఇంటింట నున్న మన సమాజమున మూత్రపిండములు చెడినవా రెందఱో మీకు తెలియును. స్థూలకాయులలో ఈ పదార్థములు తగ్గి కనబడవచ్చును. ఇవి యెఱిగిన వైద్యుడు లేక, కాగితముపై నంకెను మనమే చదువుకొనుట అపాయకరము.

కాగితము చేయు కీడు

వ్యాధి కలదని కాగితము వచ్చిన వృద్ధుని గతి యేమగునో యోచింపుడు. మన సంఘము చిన్నది. ఒకరి యింటి మాట ఒకరికి తెలియక మానదు. ఆ దినము మొదలు కుమారు లాయనను దుకాణపు పెట్టెకడ కూర్చుండనీయరు. ఆయన యే మాటను చిన్నగా మఱచినను అదిగో యందురు. ఆస్తి పంపకముల సమయమున దాయాదు లా కాగితమును చూపి, ఆయన వ్రాసిన వీలునామా చెల్లదందురు. మనుమరాలికి సంబంధము చూచువారు, ఆ యింట మతి చెడు రోగమున్నదట యని వెనుకంజ వేయుదురు.

ఈ కడపటి విషయమును గూర్చి స్పష్టముగ చెప్పవలసియున్నది. ఈ రక్తపరీక్ష వంశపరీక్ష కాదు. తండ్రినుండి బిడ్డకు తప్పక సంక్రమించు జన్యుదోషముచే కలుగు ఆల్జైమర్ వ్యాధి, మొత్తము రోగులలో నూటికి ఒకరికంటెను తక్కువ. అదియు సాధారణముగ చిన్న వయస్సుననే కనబడును. ఏపీఓఈ-4 అను జన్యురూపము వ్యాధి వచ్చు నవకాశమును పెంచునుగాని, అది కలవారందఱికి వ్యాధి రాదు, లేనివారికి రాకపోదు. తాతకు మతి చెడినదని మనుమరాలి సంబంధమును త్రోసిపుచ్చుట శాస్త్రసమ్మతము కాదు, న్యాయమును కాదు.

వ్యాధిని ముందుగ కనిపెట్టిన మందిచ్చి మాన్పవచ్చునుగదా యని మఱికొంద ఱడుగుదురు. మాన్పు మందు లేదు. అమిలాయిడ్‌ను తొలగించు లెకానెమాబ్ అను మందునకు 2023లోను, డొనానెమాబ్ అను మందునకు 2024లోను అమెరికాలో పూర్తి యనుమతి లభించినది. 1795 మందిపై జరిగిన పరిశోధనలో లెకానెమాబ్ పదునెనిమిది మాసములలో వ్యాధి వేగమును నూటికి 27 వంతులు తగ్గించినది, నిలుపలేదు. కొందఱి మెదడులో వాపును, రక్తస్రావమును కలిగించునుగాన తఱచుగ ఎమ్మారై స్కానులు తీయుచుండవలెను. తొలిదశ లక్షణములు కనబడినవారికే ఈ మందులు విధింపబడినవి. డొనెపెజిల్ వంటి పాత మందులు లక్షణములను కొంత యుపశమింపజేయును. ఇంతకుమించి చెప్పువాడు వైద్యుడు కాడు, వ్యాపారి.

మఱి మనము చేయదగిన దేమి?

మతి తగ్గుచున్న వృద్ధుని చూచినపుడు మొదట చేయింపవలసిన రక్తపరీక్షలు వేఱు కలవు. అవి చౌక, చిన్న పట్టణములలోను లభ్యములు. బి-12 విటమిన్ లోపమున మతి మందగించును. శాకాహారులలో ఈ లోపము తఱచు. థైరాయిడ్ గ్రంథి మాంద్యమును అట్టిదే. రక్తహీనత, చక్కెర హెచ్చుతగ్గులు, ఉప్పు తగ్గుట, ఇవి యన్నియు మతిని కలచును. జారిపడిన కొన్ని వారములకు పుఱ్ఱెలో నెత్తురు చేరి మెదడును నొక్కవచ్చును. భర్త గతించిన వృద్ధురాలి దిగులు సైతము మతిచెడినట్లు కనబడును. నిద్రమాత్రలు మొదలగు కొన్ని మందులే కారణము కావచ్చును. వీనిలో పెక్కు చికిత్సచే చక్కబడును. ఇవి చూడక పి-టౌ పరీక్షకు పరుగిడుట, వాకిట నున్న బావిని విడిచి యేటికి పోవుటవంటిది.

ఇక నివారణ. 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణసంఘము, డిమెన్షియాకు తోడ్పడు పదునాలుగు కారణములను పేర్కొని, వానిని జీవితకాలమంతయు సరిదిద్దగలిగినచో నూటికి సుమారు 45 వంతుల రోగమును ఆపుటయో, వాయిదా వేయుటయో సాధ్యమని లెక్కగట్టినది. చదువు లేకుండుట, చెవుడు, చూపు మందగించుట, రక్తపుపోటు, చక్కెరవ్యాధి, చెడు కొలెస్టరాలు, స్థూలకాయము, పొగత్రాగుట, అతిగా మద్యపానము, కదలిక లేని జీవితము, దిగులు, తలకు దెబ్బ, ఒంటరితనము, చెడుగాలి, ఇవి యా పదునాలుగు. మన బాలికల విద్యానిధి డెబ్బది యేండ్లకు ఫలించు వైద్యమని దీనినిబట్టి తెలియుచున్నది.

మనకు గర్వకారణమగు మఱియొక విషయము వినుడు. హైదరాబాదునందలి నిజాం వైద్య విజ్ఞాన సంస్థయందు డాక్టరు సువర్ణ అల్లాడి గారును, వారి సహచరులును 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒక్క భాష మాత్రమే వచ్చినవారికంటె రెండు భాషలు మాటలాడువారికి ఆ వ్యాధి నాలుగున్నర సంవత్సరము లాలస్యముగ కనబడినదని వారు కనుగొనిరి. చదువురాని వారిలో సైతము ఈ భేదము కనబడెను. తెలుగును, దక్కనీ యుర్దూను, హిందీని కలిపి మాటలాడు మన బజారులలోని సామాన్యజనులనుండి ప్రపంచమున కందిన పాఠమిది.

చట్టవిషయము నొకటి చెప్పి ముగింతును. 1925వ సంవత్సరపు భారత వారసత్వ చట్టము 59వ సెక్షను ప్రకారము, మైనరుగాని స్థిరబుద్ధి కలవాడెవడైనను వీలునామా వ్రాయవచ్చును. కావున బుద్ధి స్థిరముగ నున్న దినములలోనే ఆస్తి యేర్పాట్లును, చికిత్సను గూర్చిన తమ యభీష్టమును పెద్దలు స్పష్టముగ వ్రాసియుంచుట మంచిది. వృద్ధులను విడిచిపెట్టు బిడ్డలపై చర్య తీసికొనుటకు 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల పోషణ చట్టము కలదు. సలహాకు 14567 అను ప్రభుత్వ టెలిఫోను సంఖ్య కలదు.

నా సవరణ

కావున రేపటి తీర్మానమునకు నేనీ సవరణను వినయపూర్వకముగ ప్రతిపాదించుచున్నాను. మొదటిది: లక్షణములు లేనివారికి ఆల్జైమర్ రక్తపరీక్ష సంఘముచే చేయింపరాదు. రెండవది: ఆ ధనముతో ప్రతి సంవత్సరము మన వృద్ధుల కందఱికిని చెవి, కన్ను, రక్తపుపోటు, చక్కెర, బి-12, థైరాయిడ్ పరీక్షలు చేయింపవలెను, చెవిటివారికి వినికిడి యంత్రములును, చూపు తగ్గినవారికి కంటియద్దములు లేక శస్త్రచికిత్సయు నీయవలెను. మూడవది: మతి తగ్గిన లక్షణములు నిజముగ కనబడిన బీదకుటుంబముల వృద్ధులను నరముల వైద్యనిపుణునికడకు పంపుటకును, ఆయన అవసరమన్నపుడు పి-టౌ పరీక్షకును నిధినుండి సహాయము చేయవలెను, ఆ ఫలితము రోగికిని, రోగి కోరినవారికిని దప్ప సంఘ కార్యదర్శికి సైతము తెలియరాదు. నాలుగవది: మతిచెడిన పెద్దలున్న యిండ్లకు వారమున కొక దినము మన యువజనులలో నిద్దఱు పోయి నాలుగు గంటలు కావలి యుండవలెను.

ఈ నాలుగవదానిని చిన్నచూపు చూడకుడు. అట్టి యిండ్లలో భారమంతయు సాధారణముగ నొక్క స్త్రీపై, తఱచుగ కోడలిపై, పడుచున్నది. ఆమె రాత్రులు నిదురపోదు. పుట్టింటి శుభకార్యమునకును కదలలేదు. పైగా కూడు పెట్టలేదను నింద మోయును. వారమున కొక పూట విశ్రాంతి దొరకిన నామె యా పెద్దను మఱికొన్ని యేండ్లు ఓర్పుతో చూచుకొనగలదు. ఇందులకు నిధితో పనిలేదు.

 ఈ సవరణను మీరు విమర్శించి, లోపములున్న దిద్ది, అంగీకరింతురని విన్నవించుచు విరమించుచున్నాను.